అడల్ట్ టాయ్‌లను ఇంట్లో ఉన్న పరికరాలతో ప్రమాదం లేకుండా గోరువెచ్చగా చేసుకోవడం ఎలా

చలికాలం మొదలవగానే పాఠకుల నుంచి ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తుంది. పాలసీసా వేడిచేసే బాటిల్ వార్మర్‌లో టాయ్‌ను ఉంచవచ్చా, నడుము నొప్పికి కొన్న హీటింగ్ ప్యాడ్‌లో చుట్టవచ్చా, రైస్ కుక్కర్‌లోని వార్మ్ మోడ్ సరిపోతుందా అని అడుగుతారు. స్టీలు, గాజు టాయ్‌లు చల్లగా తగిలితే ఒళ్లు బిగుసుకుంటుంది కాబట్టి ఈ ప్రశ్న సహజమైనదే, దీనిని అడగడానికి సిగ్గుపడాల్సిన పని లేదు. అయితే ఇందులో కొన్ని పద్ధతులు క్షేమంగా ఉంటాయి, కొన్ని చర్మాన్ని కాలుస్తాయి, కొన్ని ఇంటికే నిప్పు పెట్టగలవు. వాటిని వేరుచేసి చూపడానికే ఇది రాస్తున్నాను.

ఎంత వేడి కావాలి

మన శరీరం లోపలి వేడి సుమారు 37 డిగ్రీల సెల్సియస్. టాయ్ ఉపరితలం 38 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటే హాయిగా, వెచ్చగా అనిపిస్తుంది. అంతకు మించి పోవడానికి ఏ కారణమూ లేదు. చర్మం ఎంత వేడికి ఎంతసేపట్లో కాలుతుందో మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1947లో కొలిచి చూపారు: 60 డిగ్రీల దగ్గర సుమారు 5 సెకన్లు, 49 డిగ్రీల దగ్గర పది నిమిషాలకు అటూ ఇటూ, 44 డిగ్రీల దగ్గర దాదాపు 6 గంటలు. అవి మామూలు చర్మానికి సంబంధించిన లెక్కలు. లోపలి శ్లేష్మపొర అంతకంటే పలుచన, పైగా టాయ్ అక్కడే నిలిచి ఉంటుంది, చేతిలాగా చటుక్కున వెనక్కి తీసుకునే వీలుండదు. అందువల్ల నీళ్లు 42 డిగ్రీలు దాటకూడదనే హద్దును ముందే పెట్టుకోండి.

తోడు పెట్టడానికి పాలను ఎంత వెచ్చగా ఉంచుతారో దాదాపు అంతే వేడి మనకు కావలసింది. అయినా వేలితో చూసి అంచనా వేయడం పెరుగుకు సరిపోతుంది గానీ ఈ పనికి సరిపోదు, థర్మామీటర్ తప్పనిసరి.

ముందు మీ టాయ్ దేనితో చేసినదో చూడండి

మోటారు, బ్యాటరీ లేని గట్టి సిలికాన్ టాయ్, స్టెయిన్‌లెస్ స్టీలు టాయ్, బోరోసిలికేట్ అనే వేడిని తట్టుకునే గాజుతో చేసిన టాయ్ ఈ మూడూ గోరువెచ్చని నీళ్లలో నిశ్చింతగా ఉంచదగినవి. గాజుపై గీత గానీ, అంచున చిన్న పెచ్చు గానీ కనిపిస్తే దానిని వేడి చేయడం కాదు, అసలు వాడకండి. ఫ్రిజ్‌లోంచి లేదా ఏసీ గదిలోంచి తీసిన గాజును నేరుగా వేడినీళ్లలో ముంచకూడదు, ఉన్నట్టుండి మారిన వేడికి కనిపించని పగులు పెరుగుతుంది.

చర్మంలాగా మెత్తగా సాగే టీపీఈ, టీపీఆర్ (రబ్బరు లాంటి ప్లాస్టిక్) రకాలు ఎక్కువ వేడికి మెత్తబడి ఆకారం కోల్పోతాయి, ఉపరితలం జిగురుగా నూనె తేలినట్టు అవుతుంది. వీటికి 40 డిగ్రీలే పైహద్దు, అదీ కొద్దిసేపే. వార్నిష్ పూసిన చెక్క టాయ్‌లను వేడి చేయకండి.

బ్యాటరీ ఉన్న వాటి సంగతి వేరు. లిథియం బ్యాటరీలను సాధారణంగా 45 డిగ్రీల లోపే చార్జి చేయాలంటారు. వేడెక్కిన టాయ్‌ను వెంటనే చార్జింగ్‌కు పెట్టడం ప్రమాదకరం. పెట్టె మీద ఐపీఎక్స్7 (నీటిని ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే ముద్ర) అని ఉంది కదా, నీళ్లలో పెట్టవచ్చు కదా అని చాలామంది అంటారు. ఆ పరీక్షను మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలపాటు చేస్తారు నిజమే, కానీ ఆ నీళ్ల వేడికీ వస్తువు వేడికీ 5 డిగ్రీలకు మించి తేడా ఉండకూడదని అందులోనే నియమం ఉంది. అంటే వేడినీళ్లను తట్టుకుంటుందని ఆ ముద్ర మాట ఇవ్వడం లేదు. వేడికి లోపలి గాలి వ్యాకోచిస్తుంది, చల్లారేటప్పుడు సంకోచించి సీలు దగ్గరి సందుల్లోంచి నీటిని లోపలికి పీల్చుకోగలదు. బ్యాటరీ టాయ్‌ను వెచ్చగా చేయాలంటే గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డను మోటారు లేని భాగానికి చుట్టి కొన్ని నిమిషాలు ఉంచండి, అంతకు మించి వద్దు.

ఏ పరికరం పనికొస్తుంది, ఏది పనికిరాదు

అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఒకటి చెబుతాను. నీళ్లలో ఉంచిన వస్తువు ఆ నీళ్ల కంటే ఎక్కువ వేడెక్కదు. పొడిగా, వేడి పలకకో తీగకో ఆనించి ఉంచిన వస్తువుకు అలాంటి హద్దు ఉండదు. తగిలిన చోట ఒక వేడి, పక్కన మరో వేడి ఉంటుంది. అందుకే నేను నీళ్ల పద్ధతినే సిఫారసు చేస్తాను, మిగతావన్నీ దాని తరువాతే.

థర్మోస్టాట్ (వేడిని తానే హద్దులో ఉంచే భాగం) ఉన్న బాటిల్ వార్మర్ ఈ పనికి చాలా బాగుంటుంది. వీటిలో చాలావాటికి 40 డిగ్రీల దగ్గర ఆగే పాల మోడ్ ఉంటుంది. అదే పరికరంలో ఆహారం వేడిచేసే మోడ్, స్టెరిలైజ్ మోడ్ కూడా ఉంటాయి, వాటిని ముట్టుకోకండి. అడుగున కొద్దిగా నీళ్లు పోస్తే ఆవిరితో వేడిచేసే పాత రకం వార్మర్లలో వేడికి హద్దు ఉండదు, అవి పనికిరావు. ఏ రకమైనా సరే, ఒకసారి ఈ పనికి తీసుకున్నాక మళ్లీ పిల్లల పాలసీసాలకు వాడవద్దు. పరికరం మీద పేరు రాసి వేరుగా దాచుకోండి.

పెరుగు తయారుచేసే యోగర్ట్ మేకర్ 40 డిగ్రీలకు కాస్త పైన వేడిని నిలకడగా ఉంచుతుంది. అయితే దాని శక్తి చాలా తక్కువ. 15 వాట్ల పరికరం ఒక లీటరు నీళ్లను 28 డిగ్రీల నుంచి 42 డిగ్రీలకు తేవాలంటే, వేడి ఏమీ బయటికి పోలేదనుకున్నా, గంటకు పైగా పడుతుంది. కాబట్టి ముందే కలిపిన గోరువెచ్చని నీళ్లను అందులో పోసి, ఆ వేడిని నిలబెట్టడానికి మాత్రమే దానిని వాడండి.

విదేశాల్లో ఉండే మన వాళ్ల వంటింట్లో సూ-వీడ్ స్టిక్ ఉంటే అంతకంటే కచ్చితమైనది లేదు. నీళ్లను తిప్పుతూ, పెట్టిన డిగ్రీ దగ్గరే ఉంచుతుంది. 41 దగ్గర పెట్టి, దాని మీద గుర్తించిన కనీస నీటి మట్టం తగ్గకుండా చూసుకుంటే చాలు.

ఇక పనికిరానివి. రైస్ కుక్కర్ వార్మ్ మోడ్ అన్నాన్ని పాడవకుండా ఉంచడానికి 60 డిగ్రీలకు పైనే వేడిని నిలుపుతుంది, అంటే 5 సెకన్లలో కాల్చే వేడి. పార్లర్‌లో వాడే వ్యాక్స్ హీటర్‌కు డయల్ ఉంటుంది గానీ ఆ డయల్ మీది గీతలను నమ్మి శరీరం లోపలికి పోయే వస్తువును వేడి చేయలేం. మైక్రోవేవ్‌లో సిలికాన్ పైకి చల్లగా కనిపిస్తూ లోపల ఒకచోట మరిగినంత వేడెక్కవచ్చు, లోహం ఉంటే నిప్పురవ్వలు లేస్తాయి. హెయిర్ డ్రయ్యర్, ఇస్త్రీ పెట్టె, ఓవెన్, ఇడ్లీ పాత్ర ఇవేవీ వద్దు. నీళ్లు కాచే ఇమ్మర్షన్ రాడ్ ఉన్న బకెట్‌లో టాయ్ వేయడం, రాడ్ ప్లగ్‌లో ఉండగా ఆ నీళ్లలో చేయి పెట్టడం ప్రాణాలకే ముప్పు.

హీటింగ్ ప్యాడ్ గురించి ఎక్కువగా అడుగుతారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఆ ప్యాడ్‌ను ఒంటిపై పరిచి ఉంచడానికి తయారుచేశారు. దానిని మడిచినా, గట్టిగా చుట్టినా లోపల వేడి చిక్కుకుపోయి, ఒక్కచోటే పేరుకుంటుంది, తీగలు దెబ్బతిని నిప్పంటుకునే అవకాశం కూడా ఉంది. తప్పనిసరైతే ప్యాడ్‌ను చదునుగా పరిచి, అన్నిటికంటే తక్కువ స్థాయిలో పెట్టి, పైన మందపాటి తువ్వాలు వేసి, దాని మీద టాయ్‌ను ఉంచి, మరో పలుచని గుడ్డ కప్పండి. థర్మామీటర్ మొనను టాయ్‌కూ తువ్వాలుకూ మధ్య ఉంచి, ఐదేసి నిమిషాలకొకసారి టాయ్‌ను తిప్పుతూ, అక్కడి నుంచి కదలకుండా చూసుకోండి. కరెంటుతో చార్జి చేసే హాట్ వాటర్ బ్యాగ్‌కు ఇదీ వర్తించదు, చార్జింగ్‌లో ఉండగా దాని దగ్గర ఏదీ ఉంచకండి, అవి పగిలి వేడి ద్రవం చిమ్మగలవు.

స్లీవ్ రకం (లోపల బోలుగా ఉండే) టాయ్‌ల కోసం అమ్మే యూఎస్‌బీ వార్మింగ్ రాడ్‌లు కూడా పొడి వేడి ఇచ్చేవే. రాడ్‌ను ముందుగా ఖాళీగా వేడిచేసి, థర్మామీటర్ ఆనించి ఎంతవరకు పోతుందో ఒకసారి చూడండి. 42 డిగ్రీలు దాటి ఇంకా పెరుగుతూ ఉంటే దానిని పక్కన పెట్టేయండి.

కావలసినవి

మొన ఉన్న వంటింటి డిజిటల్ థర్మామీటర్ ఒకటి, పైన చెప్పిన పరికరాల్లో ఒకటి, టాయ్ మునిగేంత పాత్ర, జిప్ ఉన్న మందపాటి ప్లాస్టిక్ సంచి, మెత్తని శుభ్రమైన తువ్వాలు, వాసన లేని తేలికపాటి సబ్బు కావాలి. పరికరాన్ని మూడు పిన్నుల ఎర్త్ ఉన్న సాకెట్‌కే కలపండి. ఇంటి కరెంటు బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉంటే మరింత మంచిది.

జ్వరం చూసే థర్మామీటర్‌ను ఇక్కడ వాడవద్దు. గాజు పాదరసపు రకం కొలత 42 దగ్గర ఆగిపోతుంది, అంతకు మించి వేడి తగిలితే అది పగిలి పాదరసం కారవచ్చు. కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్ గన్ కూడా పనికిరాదు. అది మనిషి చర్మానికి తగినట్టు లెక్క సరిచేసి చూపుతుంది, మెరిసే స్టీలు మీద పెడితే చాలా తక్కువ అంకె చూపి మోసం చేస్తుంది.

చేసే విధానం

1. టాయ్‌ను సబ్బుతో కడిగి, బాగా తొలవండి. వేడి చేశాక కడుగుదాం అనుకోవద్దు. 37 నుంచి 42 డిగ్రీల వేడిలో సూక్ష్మజీవులు చావవు, హాయిగా పెరుగుతాయి. మోటారు లేని సిలికాన్, స్టీలు టాయ్‌లను శుద్ధి చేయాలనుకుంటే వేరుగా మరిగే నీళ్లలో ఉంచి తీసి, పూర్తిగా చల్లారాకే ఈ పని మొదలుపెట్టండి.

2. నీళ్లను కలపండి. మరిగే నీళ్లు ఒక గ్లాసుకు 28 డిగ్రీలున్న కుళాయి నీళ్లు నాలుగు గ్లాసులు కలిపితే దాదాపు 42 డిగ్రీలు వస్తాయి. చలికాలంలో కుళాయి నీళ్లు 20 డిగ్రీలకు దిగితే ఒకటికి మూడు గ్లాసులు చాలు, దాదాపు 40 డిగ్రీలు వస్తాయి. గీజర్ నీళ్లు వాడితే అవి 60 డిగ్రీలు ఉండవచ్చని గుర్తుంచుకుని, కొలిచి కలపండి. ముందు చల్లనీళ్లు పోసి తరువాత వేడినీళ్లు కలపడం మంచి అలవాటు.

3. బాగా కలిపి, థర్మామీటర్ మొనను మధ్యలో ఉంచి, అంకె నిలిచేదాకా ఆగండి. 40 నుంచి 42 మధ్య ఉండాలి (స్టీలుకైతే 39 చాలు, టీపీఈ, టీపీఆర్‌లకు 40 దాటకూడదు). ఎక్కువుంటే చల్లనీళ్లు కలిపి మళ్లీ కొలవండి.

4. నీళ్లను పరికరంలో పోసి ఆన్ చేయండి. టాయ్ లేకుండానే పది నిమిషాలు ఉంచి, మళ్లీ కొలవండి. అంకె 42 దాటి పైకి పోతుంటే ఆ పరికరం ఈ పనికి తగదు. కొత్త పరికరానికి ఈ ఖాళీ పరీక్షను తప్పనిసరిగా చేయండి.

5. అడుగున వేడి పలక ఉంటే దాని మీద మడిచిన గుడ్డ వేయండి. టాయ్‌ను జిప్ సంచిలో పెట్టి, గాలి అంతా నొక్కి తీసేసి మూయండి. గాలి మిగిలితే సంచి తేలుతుంది, ఆ వైపు చల్లగానే ఉండిపోతుంది.

6. టాయ్ మొత్తం మునిగేలా ఉంచండి. స్టీలు, గాజు టాయ్‌లకు ఐదారు నిమిషాలు చాలు. సిలికాన్ వేడిని చాలా నెమ్మదిగా లోపలికి పోనిస్తుంది. మూడున్నర సెంటీమీటర్ల మందం ఉన్నదానికి 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది. మందం రెట్టింపైతే సమయం దాదాపు నాలుగు రెట్లవుతుంది. బాటిల్ వార్మర్‌లో టాయ్ పూర్తిగా మునగకపోతే మధ్యలో ఒకసారి తలకిందులు చేయండి.

7. తీసే ముందు స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, ఆ తరువాతే నీళ్లలో చేయి పెట్టండి. ఈ వరసను ఎప్పుడూ మార్చవద్దు.

8. తువ్వాలుతో తుడిచి, కింద చెప్పిన పరీక్ష చేశాకే వాడండి.

సరిగ్గా వచ్చిందో లేదో చూడటం

తుడిచిన టాయ్‌ను ముంజేతి లోపలి వైపు, మణికట్టుకు పైన ఆనించి, పది సెకన్లు నొక్కి ఉంచండి. తగిలించి వెంటనే తీసేస్తే సిలికాన్ సంగతి తెలియదు, దాని ఉపరితలం గాలికి చప్పున చల్లారి మోసం చేస్తుంది. రెండు నిమిషాలు ఆగి మళ్లీ అదే చోట నొక్కండి. రెండోసారి మొదటిసారి కంటే వేడిగా అనిపిస్తే లోపల వేడి ఎక్కువగా ఉందని, నీళ్లు ఎక్కడో హద్దు దాటాయని అర్థం. అలాంటప్పుడు చల్లారనిచ్చి, నీళ్లను మళ్లీ కొలవండి.

స్టీలు మీద ఇదే పరీక్ష మరింత జాగ్రత్తగా చేయాలి. లోహం వేడిని త్వరగా అందిస్తుంది కనుక 42 డిగ్రీల స్టీలు అదే వేడి ఉన్న సిలికాన్ కంటే చాలా వేడిగా తగులుతుంది. స్టీలుకు 39 డిగ్రీలే సరిపోతాయి. స్లీవ్ లాంటి బోలు టాయ్‌లలోనైతే లోపల నిలిచిన నీళ్లను పూర్తిగా ఒంపేసి, థర్మామీటర్ మొనను లోపలికి పెట్టి చూడండి, చాలామంది బయటి వైపు మాత్రమే పరీక్షించి ఊరుకుంటారు.

ఇద్దరు కలిసి వాడేటప్పుడు ఎవరి శరీరానికి తగలబోతోందో వాళ్లే తమ చేతి మీద పరీక్షించుకోవాలి. ఒకరికి హాయిగా ఉన్న వేడి మరొకరికి చురుక్కుమనవచ్చు. మధుమేహం వల్ల నరాల స్పర్శ తగ్గినవాళ్లు, మొద్దుబార్చే క్రీములు రాసుకున్నవాళ్లు, మద్యం తాగినవాళ్లు వేడిని సరిగ్గా గుర్తించలేరు. అలాంటప్పుడు చేతి పరీక్షను నమ్మకుండా థర్మామీటర్ అంకెనే చూడండి, లేదా ఆ పూటకు వేడి సంగతి మానేయండి.

కరెంటు లేకుండా చేసే పద్ధతి

నిజానికి నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి ఇదే. చపాతీలు పెట్టుకునే హాట్‌బాక్స్‌లో ముందు కొద్దిగా వేడినీళ్లు పోసి, రెండు నిమిషాల తరువాత ఒంపేయండి. తరువాత 42 డిగ్రీల నీళ్లు నింపి, సంచిలో పెట్టిన టాయ్‌ను అందులో ఉంచి మూత పెట్టండి. కొత్తగా వేడి పుట్టించే వస్తువేదీ అందులో లేదు కాబట్టి నీళ్లు చల్లారడమే తప్ప వేడెక్కడం జరగదు, మరిచిపోయి నిద్రపోయినా కాలే ముప్పు లేదు. ఆ హాట్‌బాక్స్‌ను మళ్లీ వంటింట్లోకి తేకుండా దీనికే కేటాయించండి.

తరచుగా జరిగే పొరపాట్లు

నీళ్లలో గంటల తరబడి వదిలేయడం అన్నిటికంటే ఎక్కువగా జరిగేది. సాయంత్రం పెట్టి రాత్రికి తీద్దామనుకుంటారు, ఆలోగా ఆ గోరువెచ్చని నీళ్లు సూక్ష్మజీవులకు నిలయమవుతాయి. అవసరానికి అరగంట ముందే మొదలుపెట్టండి.

రెండోది, పరికరం తెర మీది అంకెనే నమ్మడం. తెలంగాణ, రాయలసీమ ప్రాంతాల్లో బోరు నీళ్లు వాడే ఇళ్లలో వార్మర్ అడుగున కొన్ని వారాల్లోనే తెల్లటి ఉప్పు పొర గట్టిగా కడుతుంది. గోటితో గీకినా ఊడదు, తడిమితే గరుకుగా ఉంటుంది. ఆ పొర కింద ఉన్న సెన్సర్ నీళ్ల అసలు వేడిని చూడలేదు. తాగే ఫిల్టరు నీళ్లు వాడండి, పొర కనిపిస్తే వెనిగర్ కలిపిన నీళ్లు పోసి నానబెట్టి, కడిగేయండి.

మూడోది లూబ్రికెంట్ విషయం. చలికి గడ్డకట్టిన కొబ్బరినూనెను కరిగించి వాడేవాళ్లున్నారు. నూనె తగిలితే లేటెక్స్ కండోమ్ బలహీనపడి చిరిగిపోవచ్చు. సిలికాన్ టాయ్ మీద సిలికాన్ లూబ్రికెంట్ వాడితే ఉపరితలం పాడవవచ్చు. నీటి ఆధారిత లూబ్రికెంట్ సీసాను మూత బిగించి, అదే 40 డిగ్రీల నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచితే అదీ వెచ్చబడుతుంది. చల్లని లూబ్రికెంట్ రాస్తే వెచ్చని టాయ్ కూడా మొదట చల్లగానే తగులుతుంది, ఈ విషయం ఎందుకో ఎవరికీ ముందుగా తట్టదు.

ఒకవేళ కాలితే

వెంటనే టాయ్‌ను తీసేసి, బయటి చర్మమైతే పారుతున్న చల్లని కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచండి. ఐసు పెట్టకండి, టూత్‌పేస్ట్, పసుపు, నెయ్యి లాంటివి రాయకండి. బొబ్బను చిదమకండి. లోపలి భాగంలో మంట, నొప్పి, రక్తం, ద్రవం కారడం ఉంటే ఇంట్లో ఏ మందూ రాయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి, స్త్రీలైతే గైనకాలజిస్టును కలవండి. ఎలా కాలిందో దాచకుండా చెప్పండి. ఏ వస్తువు, ఎంత వేడి, ఎంతసేపు అన్న మూడు వివరాలు తెలిస్తేనే గాయం ఎంత లోతుగా పోయిందో డాక్టరు సరిగ్గా అంచనా వేయగలరు.